గిటారుకు చప్పుడు చేయని కిల్ స్విచ్ బిగించే ముందు

నొక్కితే ఎలక్ట్రిక్ గిటారు ధ్వనిని ఆపే బటనే కిల్ స్విచ్. చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దానికి పుష్ బటన్ కొనేటప్పుడే జాగ్రత్త మొదలవుతుంది: నొక్కినంతసేపే కలిసి, వదలగానే విడిపోయే రకాన్నే అడగాలి. ఈ బటన్ అవుట్‌పుట్ జాక్ (ఆంప్లిఫయర్ కేబుల్ గుచ్చే చోటు) దగ్గర, ధ్వనిని మోసే సిగ్నల్ తీగను గ్రౌండ్ తీగకు కలిపి ధ్వనిని ఆపుతుంది. అలా కాక సిగ్నల్ తీగనే మధ్యలో తెంచేలా బిగిస్తే, వేలాడే తీగ యాంటెన్నాలా పనిచేసి ఆంప్లిఫయర్‌లో గుర్రుమనే మోత పుడుతుంది, అప్పుడు చప్పుడు లేని స్విచ్ అన్న మాటకే అర్థం ఉండదు.

గిటారును ఆంప్లిఫయర్ నుంచి విడదీసి, పాత వైరింగ్‌ను ఫొటో తీసుకోవాలి. బటన్ వ్యాసాన్నీ, పిక్‌గార్డ్ (తీగల కింద గిటారు ముఖాన్ని కప్పే పలక) కింది లోతునూ కొలవనిదే డ్రిల్ ముట్టుకోరాదు. ఇనుప పలకకు రంధ్రం చేస్తే రాలే రజను, తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే పికప్‌ల అయస్కాంతాలకు అంటుకుంటుంది కనుక, వాటిని ముందే మాస్కింగ్ టేపుతో కప్పాలి.

సోల్డరింగ్‌కు 25 వాట్ల ఐరన్ చాలు. కిటికీ తెరిచి ఉంచాలి, ఉక్కపోసినా సరే ఫ్యాన్ గాలి నేరుగా అతుకుపై పడనీయరాదు.

పిక్‌గార్డ్ మూసే ముందు మల్టీమీటర్‌తో జాక్ రెండు కొనలనూ పరీక్షించాలి. బటన్ నొక్కినప్పుడు మాత్రమే దాదాపు సున్నా ఓంలు చూపాలి. గిటారు వాల్యూమ్ పూర్తిగా తగ్గించి ఉంటే బటన్ నొక్కకపోయినా సున్నాయే కనిపిస్తుంది కాబట్టి, దాన్ని పూర్తిగా పెంచి ఉంచాలి.