విల్లు చెక్కుతుండగా కట్టె దెబ్బతింటే ముందు ఏ వైపో చూడండి

ఒకే కట్టెతో విల్లు చేస్తున్నప్పుడు చిన్న గీత కనిపించినా టెన్షన్ మొదలవుతుంది, చెయ్యి జిగురు మీదకు పోతుంది. కాసేపు ఆగండి. నారి లాగినప్పుడు విల్లు వీపు, అంటే గురివైపు ఉండే ముఖం, సాగుతుంది. మనవైపు ఉండే పొట్ట నొక్కుకుపోతుంది. దెబ్బ ఏ వైపునో తెలిస్తేనే మందు తెలుస్తుంది.

సమస్య: వీపు మీద పేడు లేచింది

లాగుతుంటే ‘టిక్’మని చిన్న చప్పుడు. వెంటనే నారి దించి, దూది ఉండతో వీపును పొడవునా మెల్లగా నిమరండి. పేడు ఉన్నచోట దూది చిక్కుకుంటుంది. కంటికి ఆనని పేడు కూడా ఇలా దొరికిపోతుంది. కారణం చాలాసార్లు మన చేతి పనే. వీపు మీద ఒకే వార్షిక వలయం, అంటే కట్టెలో ఏడాదికొకటి చొప్పున పడే పొర, చివరిదాకా ఉండాల్సింది, చిత్రిక పట్టేటప్పుడు దాన్ని కోసేస్తాం. తెగిన పోగు కొస అక్కడే పైకి లేస్తుంది.

పేడును పీకొద్దు. సూదిమొనతో కాస్త ఎత్తి, కింద పల్చటి ఫెవిక్విక్ చుక్క వదలండి, అదే లోపలికి పాకుతుంది. పైన ప్లాస్టిక్ కవర్ ముక్క వేసి నొక్కి పట్టండి. ఆరాక, పేడుకు అటూ ఇటూ అంగుళం దాటేలా పట్టుదారం పక్కపక్కనే బిగించి చుట్టి, దారానికీ జిగురు పట్టించండి. పేడు మళ్లీ లేవకుండా ఆపేది నిజానికి ఆ దారమే. మర్నాడు సగం దూరమే లాగి చూడండి. విల్లు వెడల్పులో మూడో వంతు దాటిన పేడైతే నేను ఆ కట్టెను నమ్మను.

సమస్య: పొట్ట మీద అడ్డగీతలు

నాకు ఎక్కువ భయం దీనితోనే. కిటికీ దగ్గర వెలుగు పక్కనుంచి పడేలా పట్టుకుంటే సన్నని ముడతలు కనిపిస్తాయి, గోటికీ తగులుతాయి. అక్కడ పోగులు నలిగిపోయాయి. జిగురు పోసినా, దారం చుట్టినా ఆ బలం తిరిగి రాదు. ఆ చోట మాత్రమే ఎక్కువ వంగడం ఒక కారణం, కట్టె సరిగా ఆరకపోవడం ఇంకొకటి.

గీతలున్న చోటు ముట్టుకోకుండా, దానికి అటూ ఇటూ గాజు పెంకుతో పల్చగా గీకండి. వంపు పక్కలకు పంచుకుపోతుంది. 1545లో ఇంగ్లండ్‌లో రోజర్ ఆస్కమ్ విలువిద్య మీద రాసిన ‘టాక్సోఫిలస్’లోనూ ఈ చిట్కానే ఉంది. విల్లు బలం కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి.

ఇంకొన్ని

ఎండేటప్పుడు పొడవునా వచ్చిన పగులుకు పల్చటి జిగురు తాగిస్తే చాలు. అదే పగులు ఏటవాలుగా అంచుదాకా పోతే ఆ కట్టెను పక్కన పెట్టేయండి. కట్టెలో ముడి ఉంటే దాని చుట్టూ కాస్త ఎత్తుగా చెక్క వదలండి, చదును చేయాలన్న ఆశ వద్దు. పొట్ట మీద ఆకురాయి గాటు పడితే పుట్టీతో నింపకండి. దాని చుట్టూ గీకి గాటును మెల్లగా కలిపేసి, ప్రతి ఇరవై గీకులకు ఒకసారి వంపు చూసుకోండి.