మిల్లుల నూకలు ఎక్కువైతున్నయా? ముందుగాల శాంపిల్ తీయండి

మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లుల్ల నూకలు ఎక్కువొస్తే మొదలు తిట్లు తినేది పాలిషర్ (తవుడు తీసి బియ్యం తెల్లగ చేసే మిషన్) ఆపరేటర్, తర్వాత వడ్లు తెచ్చిన రైతు. సూపర్‌వైజర్‌గ చేరిన కొత్తల నేను గూడ గట్లనే తిట్టిన. కానీ చానా సార్లు గింజ పాలిషర్ కాడికి రాకముందే పగిలి ఉంటది, అక్కడ తిట్టి ఏం లాభం?

అందుకే ముందు చూడాల్సింది ఎక్కడ పగులుతుందనేది. వడ్లు ఆరబెట్టే డ్రైయర్ కింద, పొట్టు తీసే షెల్లర్ కింద, ఒక్కో పాలిషర్ కింద 100 గ్రాములు తీసి నూకలు ఏరి తూకం వేయండి. డ్రైయర్ కాడ మాత్రం చేత్తో పొట్టు తీసి వెలుతురుకు పెట్టి పగుళ్లు చూడాలె. షిఫ్టుకు ఒకసారి, ఒక వారం రోజులు, పక్కన లాట్ నంబర్, మాయిశ్చర్ (తేమ శాతం) గూడ రాయండి.

డ్రైయర్ కాడనే పగుళ్లు కనవడితే వేడి ఎక్కువై ఉండొచ్చు. ఒక్కటే సారి ఆరబెట్టకుండ తేమను 17 శాతం దాకా దించి, కొన్ని గంటలు బిన్‌ల ఉంచి, మళ్ల 13, 14కు తేవాలె. లోపలి తేమ బయటికి రానీకి టైమ్ కావాలె గదా. షెల్లర్ కింద పెరిగితే రబ్బర్ రోల్స్ గ్యాప్ బిర్రుగ పెట్టిండ్రేమో, లేకుంటే రోల్స్ అరిగినయేమో చూడండి. యాసంగి వడ్లు ఎండ దెబ్బకు మిల్లుకు రాకముందే పగుళ్లు పట్టి ఉంటయి, పచ్చి బియ్యం పడితే నూకలు ఎట్లైనా ఎక్కువే, మన దిక్కు యాసంగి పంట ఉప్పుడు బియ్యానికి పోయేది అందుకే. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, రెండు మారిస్తే దేనితోటి బాగైందో తెల్వదు. సీఎంఆర్‌ల, అంటే సర్కార్ ఇచ్చిన వడ్లు పట్టి బియ్యం తిరిగి ఇచ్చే లెక్కల, క్వింటాల్ వడ్లకు పచ్చి బియ్యం 67 కిలోలు, ఉప్పుడు 68 కిలోలు ఇయ్యాలె, అండ్ల తగ్గితే మిల్లు సేట్ జేబుల నుంచే పోతది.

ఇగ రిస్క్ సంగతి. ఒక పేపర్ మీద ఏమేం చెడిపోవచ్చో రాసుకుని ఒక్కోదానికి మూడు మార్కులు వేయండి, 1 నుంచి 10 దాకా: అది జరిగితే నష్టమెంత, ఎన్నిసార్లు జరుగుతది, ముందే కనిపెట్టుడు ఎంత కష్టం. మూడు గుణిస్తే స్కోర్ వస్తది. బెల్ట్ తెగుడు 4, 7, 2 అంటే 56. వడ్లు పైకి ఎక్కించే ఎలివేటర్ బేరింగ్ వేడెక్కి దుమ్ముకు నిప్పంటుకునుడు 9, 3, 8, అంటే 216. చూసిండ్రా, బెల్ట్ తెగితే మిల్లంతా లొల్లి అయితది, బేరింగ్ సప్పుడు చేయకుండ కాలుతుంటది, మనమేమో లొల్లి చేసేదాని మీదనే పైసలు పెడ్తం. రోజూ గ్రీజు చూసుడు, ఎలివేటర్ కింద దుమ్ము ఊడ్చుడు, దీనికి ఖర్చేం లేదు.

నష్టం 10 ఉన్నది మాత్రం స్కోర్ తక్కువైనా ముందుకే రావాలె. బాయిలర్ అసొంటిదే. షిఫ్ట్ మారినప్పుడల్లా గేజ్ గ్లాస్ (లోపల నీళ్లు ఎంతున్నయో చూపే గాజు గొట్టం) బ్లో చేసి, అంటే వాల్వ్ తీసి కడిగి, చూడాలె, ఎందుకంటే గ్లాస్ జామైతే నీళ్లు లేకున్నా ఉన్నట్టే కనవడ్తది. నీళ్లు కనవడకపోతే భయపడి పంపు ఆన్ చేయొద్దు, కాలిన ట్యూబుల మీద చల్లనీళ్లు పడుడే అన్నిటికన్నా డేంజర్. ఊక ఫీడింగ్, ఫ్యాన్ బంద్ చేసి మనుషుల్ని దూరం పంపాలె. ఈ ముక్క మేము గ్లాస్ పక్కన తెలుగుల రాసి అంటిచ్చినం, తీరా చూస్తే రాత్రి షిఫ్టుల ఉన్నోళ్లందరు బీహార్ పిలగాండ్లు, ఒక్కరికీ తెలుగు చదవరాదు. ఇప్పుడు హిందీల, బొమ్మ తోటి పెట్టినం.