విశ్వాన్ని చదువుకుందాం – ఆరో పాఠం: ఆ చుక్క ఏ దిక్కున ఉండేది?

ఈసారి నేరుగా క్వాంటం గ్రావిటీలోకి, అంటే గురుత్వాన్నీ క్వాంటం సిద్ధాంతాన్నీ కలిపే ప్రయత్నంలోకి దిగుదామని అనుకున్నాం. కానీ ఐదో పాఠానికి వచ్చిన జవాబులు చదివాక, ముందు ఒక ముడి విప్పక తప్పడం లేదు. "బిగ్ బ్యాంగ్ ఎక్కడ జరిగింది?" అన్న ప్రశ్నకు హనుమకొండ నుంచి మంచిర్యాల దాకా చాలామంది ఒకే రకంగా రాశారు: ఖాళీ ఆకాశంలో ఒక చుక్క ఉండేది, అది పేలింది, ముక్కలు అన్ని దిక్కులకూ ఎగిరాయి. జనగామ నుంచి డిగ్రీ చదివే చెల్లెలొకరు ఇంకో అడుగు ముందుకేసి, "సార్, ఆ చుక్క ఇప్పుడు మనకు ఏ దిక్కున ఉన్నట్టు?" అని అడిగింది. సరిగ్గా అడగాల్సిన ప్రశ్న. ఖాళీలో చుక్క పేలిందన్నది నిజమైతే దీనికి జవాబు ఉండి తీరాలి. ఏ దిక్కూ లేదు. అంటే ఆ మొదటి బొమ్మే తప్పు.

కాంతి సంవత్సరం, పది ఘాతాలు, రెడ్‌షిఫ్ట్ మీకు వచ్చే ఉంటాయి, మళ్లీ చెప్పను. ఈ చుక్క సంగతి మాత్రం నిదానంగా చూద్దాం.

కాజీపేట, వరంగల్, నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాద్. ఈ లైను మీద మీలో చాలామంది తిరిగే ఉంటారు. లెక్క సులువు కోసం ఈ ఐదింటి మధ్య దూరం సమానంగా 20 కిలోమీటర్లు అనుకోండి. ఒక గంటలో పట్టాలు, వాటి కింది నేల అన్నీ కలిసి రెట్టింపు సాగాయి. వరంగల్ ప్లాట్‌ఫారం మీద నిలబడి చూడండి. 20లో ఉన్న కాజీపేట 40కి పోయింది, అంటే 20 జరిగింది. అటువైపు నెక్కొండ కూడా 20 జరిగింది. 40లో ఉన్న కేసముద్రం 80కి, అంటే 40 జరిగింది. 60లో ఉన్న మహబూబాబాద్ 120కి, అంటే 60 జరిగింది. ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా దూరమవుతోంది. గెలాక్సీల విషయంలో 1929లో ఖగోళ శాస్త్రవేత్త హబుల్ చూపించింది ఇదే. ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచి ఇదే సంబంధాన్ని 1927లోనే బెల్జియం శాస్త్రవేత్త లెమేత్ర్ రాబట్టాడు.

ఇప్పుడు కేసముద్రంలో దిగి అదే లెక్క మళ్లీ చేయండి. నెక్కొండ 20, వరంగల్ 40, కాజీపేట 60, ఇటు మహబూబాబాద్ 20 జరుగుతాయి. అదే నియమం. వరంగల్‌లో ఉన్నవాళ్లకు వరంగలే నడిమధ్య అనిపిస్తుంది, కేసముద్రంలో ఉన్నవాళ్లకు కేసముద్రమే. ఎవరి లెక్కలోనూ తప్పు లేదు. మధ్య అనే చోటే లేదు.

ఇక కాలాన్ని వెనక్కి తిప్పండి. 20 కాస్తా 10 అవుతుంది, 5 అవుతుంది, 2.5 అవుతుంది. ఈ లైను రెండు వైపులా అంతులేకుండా పోతుందనుకుంటే, దూరాలన్నీ సగమైనా లైను అంతులేనిదే. కోటో వంతుకు తగ్గినా అంతులేనిదే. ఎంత వెనక్కి వెళ్లినా అది చుక్కగా మారదు, స్టేషన్లు కిక్కిరిసిన అంతులేని లైనుగానే ఉంటుంది. విశ్వం మొత్తం అంతులేనిదా కాదా అన్నది ఇంకా తేలలేదు. అంతు ఉన్నా సరే, మధ్య లేదన్న మాట మారదు.

మరి చిన్నగా ఉండేదంటారే, అది ఏది? మనం చూడగలిగిన భాగం. ఈరోజు దాని వ్యాసార్ధం దాదాపు 4,600 కోట్ల కాంతి సంవత్సరాలు. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లే కదా అంటారేమో, కాంతి దారిలో ఉండగానే దారి కూడా సాగింది. దూరాలన్నీ నేటి దూరాల్లో 1,100వ వంతు ఉన్నప్పుడు ఈ భాగం వ్యాసార్ధం 4.2 కోట్ల కాంతి సంవత్సరాలు. అప్పటికి బిగ్ బ్యాంగ్ నుంచి సుమారు 3,80,000 ఏళ్లు గడిచాయి, వేడి 3,000 కెల్విన్లు. ఆనాటి వెలుగే సాగి సాగి, 2.725 కెల్విన్ల మైక్రోవేవ్‌లుగా ఇప్పుడు అన్ని దిక్కుల నుంచీ వస్తోంది. 1965లో పెంజియాస్, విల్సన్ దాన్ని పట్టుకున్నట్టు ప్రకటించారు. ఒక చోట పేలి ఉంటే అది ఒక దిక్కు నుంచే రావాలి. నల్లటి తెర మీద నిప్పురవ్వలు చిమ్మే వీడియోలు చూడొద్దని మొదటి పాఠం నుంచి చెబుతున్నది ఇందుకే. ఆ బొమ్మ ఒకసారి కంట్లో పడితే తీసేయడం కష్టం.

ఇంకా వెనక్కి వెళ్లి దూరాన్ని సున్నా చేస్తే? ఐన్‌స్టీన్ సమీకరణం సాంద్రత అనంతం అంటుంది. దాన్నే సింగ్యులారిటీ అంటారు. అది ఒక వస్తువు కాదు, ఒక చోటు కాదు. 1955లో కోల్‌కతాలో అమల్ కుమార్ రాయ్‌చౌధురి రాసిన సమీకరణం ఆధారంగా 1965లో పెన్రోజ్, ఆ తర్వాత హాకింగ్ నిరూపించింది ఏమిటంటే, కొన్ని షరతులు నిజమైతే, కణాలు, కాంతి నడిచే కొన్ని దారులు కాలంలో ఒక దశ దాటి కొనసాగవు. దారి ఆగిపోతుందన్నారు, అక్కడ చుక్క ఉందనలేదు. ఐన్‌స్టీన్ గురుత్వ సిద్ధాంతమైన సాధారణ సాపేక్ష సిద్ధాంతం తన హద్దు తానే చూపిస్తోంది. మనకు క్వాంటం గ్రావిటీ కావాల్సింది ఆ హద్దు దగ్గరే.

ఆ హద్దు ఎక్కడో రెండు పొడవులు చెబుతాయి. మొదటిది క్వాంటం పొడవు: క్వాంటం స్థిరాంకమైన హెచ్-బార్‌ను ద్రవ్యరాశి, కాంతివేగాల లబ్ధంతో భాగిస్తే వస్తుంది. కణం ఎంత బరువైతే ఇది అంత చిన్నది. రెండోది గురుత్వ పొడవు: గురుత్వ స్థిరాంకం జీ, ద్రవ్యరాశి లబ్ధానికి రెట్టింపును కాంతివేగం వర్గంతో భాగించాలి. అంతకన్నా చిన్న చోట కూరితే బ్లాక్‌హోల్ అవుతుంది. బరువు పెరిగితే ఇది పెరుగుతుంది. భూమికి ఇది 9 మిల్లీమీటర్లు, సూర్యుడికి 3 కిలోమీటర్లు. ప్రోటాన్‌కు క్వాంటం పొడవు 2 × 10⁻¹⁶ మీటర్లు, గురుత్వ పొడవు 2.5 × 10⁻⁵⁴ మీటర్లు. మధ్య దాదాపు 38 సున్నాల తేడా. అణువుల లెక్కల్లో గురుత్వాన్ని ఎవరూ పట్టించుకోనిది అందుకే.

ఒకటి తగ్గుతూ, ఇంకొకటి పెరుగుతూ వస్తే ఎక్కడో కలవాలి. గురుత్వ పొడవులోని రెట్టింపును పక్కన పెడితే, కలిసేది సుమారు 22 మైక్రోగ్రాముల దగ్గర, 1.6 × 10⁻³⁵ మీటర్ల పొడవు దగ్గర. ఇవే ప్లాంక్ ద్రవ్యరాశి, ప్లాంక్ పొడవు. ఇలాంటి సహజ ప్రమాణాలను జర్మన్ శాస్త్రవేత్త ప్లాంక్ 1899లోనే ప్రతిపాదించాడు. అప్పటికి సాపేక్ష సిద్ధాంతం లేదు. ప్లాంక్ పొడవు అంటే స్థలాన్ని కట్టిన ఇటుక అని రాసేయకండి, అది తేలలేదు. రెండు సిద్ధాంతాలూ ఒకేసారి కావాల్సిన చోటు అని రాయండి.

అభయ్ అష్టేకర్ 1986లో ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని కొత్త రూపంలో రాశాడు. క్వాంటం గ్రావిటీకి ఒక దారి అయిన లూప్ క్వాంటం గ్రావిటీ అక్కడి నుంచి పెరిగింది. దాన్ని విశ్వానికి అన్వయించిన లెక్కల్లో సాంద్రత అనంతం దాకా పోదు. ప్లాంక్ సాంద్రతలో (ప్లాంక్ ద్రవ్యరాశిని ప్లాంక్ పొడవు ఘనంతో భాగిస్తే వచ్చేది) దాదాపు 0.41 వంతు దగ్గర ఆగి, అంతకుముందు కుంచించుకుపోతున్న విశ్వం తిరిగి విప్పారుతుంది. ఇది లెక్క మాత్రమే, ఆకాశంలో ఎవరూ చూసింది కాదు. నాకు ఈ దారి మీద మమకారం ఎక్కువ, అందుకే ముందు చెప్పాను. ఇంకో దారి అయిన స్ట్రింగ్ సిద్ధాంతం ఏడో పాఠంలో.

అభ్యాసం. కాల్‌క్యులేటర్ పక్కన పెట్టండి. నా పద్ధతి ఇది: ముందున్న అంకె 3 కన్నా తక్కువైతే 1 అనుకుంటాను, ఎక్కువైతే 10. అన్నీ మీటర్లు, కిలోగ్రాములు, సెకన్లలోనే: హెచ్-బార్ 1.05 × 10⁻³⁴, జీ 6.67 × 10⁻¹¹. కాంతివేగం 3 × 10⁸, దాని ఘనం 2.7 × 10²⁵. మొదటి రెండింటినీ గుణించి, ఘనంతో భాగించి, వర్గమూలం తీయండి. 10⁻³⁴కూ 10⁻³⁵కూ మధ్య రావాలి. తర్వాత ప్లాంక్ ద్రవ్యరాశిని ప్లాంక్ పొడవు ఘనంతో భాగించి సాంద్రత కట్టండి, 10⁹⁷ దరిదాపుల్లో ఉండాలి. చివరగా, మన స్టేషన్ల లైనును గుండ్రంగా వంచి రెండు కొసలూ కలిపేయండి. అంతు ఉన్న ఆ లైనులో మధ్య స్టేషన్ ఏది? కారణంతో సహా పది వాక్యాల్లో రాయండి, 'చుక్క' అన్న మాట వాడకుండా.