ఉద్యోగం మానేశాక రోజును గాడిలో పెట్టుకోవడం ఎలా

ఉద్యోగం మానేసిన కొత్తలో కొన్ని వారాలు హాయిగానే ఉంటుంది. అలారం లేదు, ఆలస్యమైపోతోందన్న టెన్షన్ లేదు, ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తూ వచ్చిన పనులు ఒక్కొక్కటే పూర్తవుతుంటాయి. అవన్నీ అయిపోయాకే అసలు కష్టం మొదలవుతుంది. లేచేసరికి ఎనిమిదవుతుంది, స్నానం పదకొండుకి పోతుంది, మధ్యాహ్నం కునుకు రెండు గంటలు సాగుతుంది, దాంతో రాత్రి నిద్ర పట్టదు, పొద్దుట్నించీ ఏం చేశామో ఆలోచిస్తే ఒక్కటీ గుర్తురాదు. రిటైరైనవాళ్లకైనా, తామే మానేసినవాళ్లకైనా, కంపెనీ తీసేసినవాళ్లకైనా ఇది చాలామందికి ఎదురయ్యేదే. కాబట్టి ముందు మిమ్మల్ని మీరు బద్ధకస్తులని తిట్టుకోవడం మానేయండి.

ఆస్ట్రియాలో మరియెంతాల్ అనే ఊరుంది. అక్కడి బట్టల మిల్లు మూతపడి దాదాపు ఊరంతా పని పోగొట్టుకుంటే, 1930ల మొదట్లో మారీ యహోదా అనే పరిశోధకురాలు తన సహచరులతో కలిసి వెళ్లి, వాళ్లకు రోజెలా గడుస్తోందో దగ్గరుండి గమనించింది. బోలెడంత తీరిక దొరికింది కదా, ఎక్కువ చదువుతారని ఎవరైనా అనుకుంటారు. కానీ ఊరి లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం బాగా తగ్గిపోయింది. మగవాళ్లు వీధిలో మెల్లగా, మాటిమాటికీ ఆగుతూ నడిచేవారు, వాళ్లలో చాలామంది దగ్గర వాచీ కూడా ఉండేది కాదు. ఇంటి పని తప్పని ఆడవాళ్లు మాత్రం వాళ్లకంటే చురుగ్గా నడిచేవారు. డబ్బుల్లేని బాధ అక్కడ ఎలాగూ ఉంది, దాన్ని తక్కువ చేసి చెప్పలేం. అయితే యహోదా తర్వాతి కాలంలో తేల్చి చెప్పింది ఏమిటంటే, ఉద్యోగం జీతంతో పాటు ఇంకో ఐదు ఇస్తుంది: రోజుకో వేళాపాళా, ఇంటి బయటి మనుషులు, నలుగురితో కలిసి చేసే పని, సమాజంలో ఓ గుర్తింపు, ఏదో ఒకటి చేస్తూ ఉండాల్సిన అవసరం.

అందుకే ఎవరైనా "ఏదో ఒక హాబీ పెట్టుకో, సరిపోతుంది" అంటే నేను ఒప్పుకోను. ఒక్క హాబీ ఆ ఐదింటినీ ఇవ్వలేదు. మీకు వాటిలో ఏది బాగా తగ్గిందో చూసుకుని, దాన్ని విడిగా సంపాదించుకోవాలి. ఒకరికి మనుషులు కావాలి, ఇంకొకరికి మనుషులు చాలినంతమంది ఉన్నా చేయడానికి పని లేదు.

వేళాపాళాతోనే మొదలుపెట్టండి, ఎందుకంటే అది లేకపోతే మిగతావేవీ నిలబడవు. రోజంతటికీ టైమ్‌టేబుల్ రాసుకోవద్దు, నాలుగో రోజుకే దాన్ని చూస్తే విసుగొస్తుంది. ఒక్క లేచే టైము మాత్రం గట్టిగా పట్టుకోండి, ఆదివారమైనా సరే, రాత్రి నిద్ర సరిగ్గా పట్టకపోయినా సరే. లేచిన గంటలోపు ఇంట్లో వేసుకునే బట్టలు మార్చుకుని బయటి వెలుతురులోకి వెళ్లండి. మన శరీరంలోని గడియారం పొద్దుటి వెలుతురును బట్టే సర్దుకుంటుంది, రాత్రి వేళకి నిద్ర రావడానికి అదే ఆధారం. పగలు కునుకు తీయాలనిపిస్తే ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట, అదీ మూడు దాటకుండా. ఇంత చిన్న విషయానికి ఇంత పట్టుదలెందుకని అనిపించవచ్చు, కానీ లేచే టైము కుదిరితే నిద్ర, ఆకలి, నడక చాలావరకు వాటంతటవే దారికొస్తాయి.

ఇక ఒంటి సంగతి. ఆఫీసుకి వెళ్లిరావడం, మెట్లెక్కడం, ఒక గది నుంచి ఇంకో గదికి తిరగడం, ఇదంతా వ్యాయామమని మనం ఎప్పుడూ లెక్కేసుకోం గానీ, ఉద్యోగం మానేయగానే అదంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో శ్రమ చేయాలని, వారంలో కనీసం రెండు రోజులు కండరాలకి బలమిచ్చే వ్యాయామాలు కూడా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 65 దాటినవాళ్లైతే మూడు రోజులు తూలిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు కూడా చేయాలి. ఓ మోస్తరు వేగమంటే పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. చాలామంది నడకతోనే ఆపేస్తారు, అది చాలదు. వయసుతో పాటు కండ తగ్గుతూ వస్తుంది, అరవై దాటాక ఇంకా త్వరగా తగ్గుతుంది, నడక ఒక్కటే దాన్ని ఆపలేదు.

మీ కాళ్ల బలం ఎంతుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి గోడకి ఆనించి వేసుకోండి, మధ్యలో కూర్చుని పాదాలు నేలకి పూర్తిగా ఆనించండి, చేతులు రెండూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకోండి. ముప్పై సెకన్లలో పూర్తిగా నిలబడి మళ్లీ కూర్చోవడం ఎన్నిసార్లు చేయగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ల వయసులో మగవాళ్లు 14 కంటే, ఆడవాళ్లు 12 కంటే తక్కువ చేస్తే సగటు కంటే వెనకబడ్డట్టు. తక్కువొస్తే కంగారుపడక్కర్లేదు, ఆ కుర్చీయే వ్యాయామం. రోజు విడిచి రోజు పదేసి చొప్పున రెండుసార్లు లేచి కూర్చోండి, కూర్చునేటప్పుడు ధబీమని పడకుండా మూడు అంకెలు లెక్కపెట్టుకుంటూ మెల్లగా దిగండి, ఎందుకంటే ఆ దిగడంలో కూడా కండరాలకి బలమొస్తుంది. గుండె జబ్బు, బీపీ, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాలి. ఛాతీలో నొప్పిగానీ కళ్లు తిరగడంగానీ ఉంటే వెంటనే ఆపేయండి.

మనుషుల విషయంలో ఒక్కటే గట్టిగా చెబుతాను: వారంలో కనీసం ఒక రోజు, మీరు రాకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఏమైంది, రాలేదే?" అని అడిగే పని పెట్టుకోండి. పిల్లలకి చదువు చెప్పడం కావచ్చు, ఏదైనా సంస్థ లెక్కలు చూడటం కావచ్చు, తోడుగా నడవడానికి ఒప్పుకున్న స్నేహితుడు కావచ్చు. "కుదిరినప్పుడు కలుద్దాం" అన్నవి కుదరవు, ఏ రోజు, ఏ టైముకి అన్నది ముందే అనుకోవాలి. పాత ఆఫీసువాళ్లతో మాటలు క్రమంగా తగ్గిపోతాయి, అది వాళ్ల తప్పు కాదు, కలిపి ఉంచిన పని ఇప్పుడు మధ్యలో లేదు. వాళ్లలో నిజంగా కావాల్సిన ఇద్దరు ముగ్గురికి మీరే ఫోన్ చేయండి.

చాలా ఇళ్లలో గొడవలు మొదలయ్యేది ఇక్కడే, ఇంట్లో. మీరు ఆఫీసులో ఉన్న ఇన్నేళ్లూ ఆ ఇల్లు ఒక పద్ధతిలో నడిచింది, ఇంట్లో ఉన్నవాళ్లకి తమదంటూ కాస్త ఏకాంతం ఉండేది. మీరు రోజంతా ఎదురుగా కూర్చుని ఆ గిన్నె ఇక్కడెందుకుంది, ఇది ఇలా ఎందుకు చేస్తున్నావు అని సలహాలిస్తుంటే వాళ్లకి ఊపిరాడదు. సలహాలు కట్టిపెట్టి, ఒక పని పూర్తిగా మీ నెత్తిన వేసుకోండి, సామాన్లు తేవడమో బట్టల సంగతో, గుర్తుచేయించుకోకుండా. ఎవరి టైము ఎవరిదో, ఏ గంటల్లో ఒకరినొకరు కదిలించకూడదో ఇద్దరూ కూర్చుని నోరు తెరిచి మాట్లాడుకోండి. ఇబ్బందిగానే ఉంటుంది, అయినా తప్పదు.

ఖాళీగా ఉన్నారని తెలియగానే ప్రతివాళ్లూ ఏదో ఒక పని అప్పగిస్తారు. మొదటి మూడు నాలుగు నెలలు పెద్ద బాధ్యతలేవీ ఒప్పుకోకండి, ఇల్లు మారడం, ఉన్న డబ్బంతా పెట్టి వ్యాపారం మొదలుపెట్టడం లాంటివి అసలే వద్దు. ఫోను, టీవీ పూర్తిగా మానేయమని చెప్పను, సాయంత్రానికి ఉంచుకోండి. పొద్దున్నే వాటి ముందు కూర్చుంటే ఆ రోజు వాటికే పోతుంది.

ఇంత చేసినా రెండు వారాలకి పైగా మనసు దిగులుగానే ఉంటే, ఇదివరకు ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోతే, అదే సర్దుకుంటుందని ఊరుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ సంగతి ఇంట్లోవాళ్లకీ చెప్పండి.

కొత్త అలవాటు 21 రోజుల్లో కుదురుతుందన్న మాట నమ్మకండి. లండన్‌లో జరిగిన ఒక అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా. మధ్యలో ఒక్క రోజు తప్పితే పెద్దగా తేడా రాలేదని కూడా అందులోనే తేలింది. జ్వరమొచ్చో ఊరెళ్లో వారం తప్పితే, తిరిగి మొదలుపెట్టే రోజు పాత లెక్కకి వెళ్లకండి, పది నిమిషాలు నడవండి, కుర్చీలోంచి ఐదుసార్లు లేవండి, మర్నాటి నుంచి కొంచెం కొంచెం పెంచుకోండి.