పేకలో ముక్క పట్టుకోవడం: హ్యారీ లొరైన్ దారిలో మొదటి ట్రిక్కు

మా ఇంట్లో చేతిలో పేక కట్ట కనిపిస్తే రమ్మీ అనే అనుకుంటారు. కాదు, మ్యాజిక్ అని నమ్మించాలంటే కనీసం ఒక్క ట్రిక్కు శుభ్రంగా రావాలి. నేను నమ్ముకున్న గురువు న్యూయార్క్ మనిషి హ్యారీ లొరైన్ (1926–2023). చిన్నప్పుడు డిస్లెక్సియాతో చదువులో వెనకబడి, జ్ఞాపకశక్తి పుస్తకాలు ముందేసుకుని సొంతంగా సాధన చేశాడు. తర్వాత టీవీ షోల్లో ప్రేక్షకుల పేర్లు గడగడా అప్పజెప్పాడు. 1962లో పేక మ్యాజిక్ మీద ఆయన రాసిన పుస్తకం ఇప్పటికీ చదువుతారు. 1978 నుంచి 1997 దాకా ‘అపొకలిప్స్’ అనే మాసపత్రిక కూడా నడిపాడు. ఏ వేలు ఎక్కడుండాలో పక్కన కూర్చుని చెప్తున్నట్టు రాస్తాడు. అందుకే ఆయన్ని పడుకుని చదివితే లాభం లేదు. పేక పట్టుకుని ఒక వాక్యం చదవాలి, ఆ పని చెయ్యాలి, తర్వాతి వాక్యానికి పోవాలి.

ఇప్పుడు ట్రిక్కు. ఇది ఆయన కనిపెట్టింది కాదు, చాలా పాతది. అవతలి వాళ్ళనే పేక కలపమనండి. తిరిగి తీసుకుని అంచులు సర్దుతూ అడుగు ముక్క చూసేయండి. కళావరు ఏడు అనుకోండి. తల వంచకండి, కళ్ళు చాలు. ముక్కలు విసనకర్రలా పరిచి ఒకటి తీసుకోమనండి. చూసుకున్నాక పైన పెట్టించి, కట్ట సగానికి కోసి కింది సగాన్ని పైన వేయండి. కళావరు ఏడు వెళ్ళి సరిగ్గా వాళ్ళ ముక్క మీద కూర్చుంటుంది. ఇంకో రెండుసార్లు వాళ్ళనే కొయ్యనివ్వండి, ఆ జంట విడిపోదు. మళ్ళీ కలపనిచ్చారో, అంతే సంగతులు.

ఇక పై నుంచి ఒక్కో ముక్కా బోర్లా తీసి వెల్లకిలా తిప్పుతూ, మూలలు కనిపించేలా వరసగా వేయండి. కళావరు ఏడు తర్వాత పడేదే వాళ్ళది. (ఏడు ఆఖరున వస్తే, వాళ్ళ ముక్క మొట్టమొదట వేసినదే.) అక్కడ ఆగకండి! మొహంలో ఏమీ కనపడనివ్వకుండా ఇంకో నాలుగైదు వేసి, చేతిలోని ముక్క తిప్పబోతున్నట్టు పట్టుకుని, “ఈసారి నేను తిప్పేది మీ ముక్కే, పందెం?” అనండి. దొరికిపోయాడనుకుని వాళ్ళు నవ్వుతారు. అప్పుడు వరసలోకి చెయ్యి పెట్టి వాళ్ళ ముక్కను బోర్లా తిప్పండి. నా లెక్కలో ట్రిక్కంతా ఈ పందెంలోనే ఉంది. అడుగు ముక్క చూడటం ఎవరైనా ఒక పూటలో నేర్చుకుంటారు.

అదే మనుషుల ముందు అదే రోజు మళ్ళీ చెయ్యకండి. పిల్లలు “ఇంకోసారి మావయ్యా” అని బతిమాలినా సరే.

చేతికి వచ్చాక దీన్ని మీ మాటల్లో నోటుబుక్కులో రాయండి. పేక ముట్టనివాళ్ళకిచ్చి చదువుతూ చెయ్యమనండి. వాళ్ళ చెయ్యి ఏ వాక్యం దగ్గర ఆగితే, దాన్ని కొట్టేసి మళ్ళీ రాయండి.