సిస్టర్ రోజెటా గిటారు, మూడవ పాఠం: తెగిన తీగల దగ్గరికి మళ్ళీ

గత పాఠం చూసి శ్రుతి మార్చబోతే రెండవ తీగ తెగిందని పలువురు రాశారు. అందువల్ల ఈసారి చెబుతానన్న కుడిచేతి వాటాన్ని వాయిదా వేసి, శ్రుతినే మళ్ళీ చెబుతున్నాను.

అమెరికన్ చర్చిపాటల గాయని, గిటారు వాద్యకారిణి సిస్టర్ రోజెటా థార్ప్ వాయించిన వెస్టాపోల్ శ్రుతిలో మందపు తీగ (ఆరవది) నుంచి సన్న తీగ (ఒకటవది) దాకా వరుసగా డి, ఏ, డి, ఎఫ్ షార్ప్, ఏ, డి పలుకుతాయి. డి ని షడ్జమం అనుకుంటే అది స ప స గ ప స. గిటారు మామూలు శ్రుతి నుంచి ఆరవ, రెండవ, ఒకటవ తీగలను రెండేసి స్వరస్థానాలు, మూడవ తీగను ఒక్కటి దించాలి. మిగిలిన రెండూ కదలవు.

తీగ తెగడానికి కారణం స్థాయి. ఫోనులోని ట్యూనర్లు చాలావరకు స్వరం పేరు చూపుతాయి గాని, అది ఏ స్థాయిలోదో చెప్పవు. రెండవ తీగ బి లో ఉన్నప్పుడు ‘ఏ’ కావాలని బిరడ బిగిస్తే, పై స్థాయి ‘ఏ’ కోసం పది స్వరస్థానాలు ఎక్కాలి. అంత బిగింపును ఆ తీగ తట్టుకోలేదు. కిందికి రెండు స్థానాలు దిగితే చాలు. అయితే దించి అక్కడే ఆపకూడదు. మెడ చివరి గాడిలో తీగ పట్టుకుని ఉండి, నాలుగు మీటుల తరువాత టిక్కున జారి శ్రుతి తప్పిస్తుంది. కాస్త ఎక్కువే దించి, తీగను మధ్యలో పట్టి ఒకసారి మెల్లగా లాగి వదిలి, ఆపైన కొద్దిగా బిగిస్తూ స్వరాన్ని అందుకోండి. చివరి పరీక్ష మాత్రం చెవిదే కావాలి: మూడవ తీగను మూడవ ఫ్రెట్‌లో (మెడమీది మెట్టులో) నొక్కితే రెండవ తీగ స్వరమూ, రెండవ తీగను అయిదవ ఫ్రెట్‌లో నొక్కితే ఒకటవ తీగ స్వరమూ రావాలి. నేనైతే ఈ శ్రుతికి విడిగా ఒక గిటారే ఉంచుకున్నాను.

ఇంత శ్రమ ఎందుకంటే, ఆమె గిటారు గొంతు ఈ శ్రుతిలోనే ఉంది. ఆర్కన్సాలోని కాటన్ ప్లాంట్‌లో 1915లో పుట్టి, చర్చిలో తల్లి పక్కన వాయిస్తూ పెరిగిన ఆమె, 1944లో రికార్డు చేసిన ‘స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే’లో పాట ఆగినచోట గిటారుతో బదులు పలికించింది. రాక్ అండ్ రోల్ అనే పేరు స్థిరపడకముందే ఆ వాయింపు ఉంది. అయినా 1973లో మరణించిన ఆమె సమాధిపై దశాబ్దాల పాటు పేరు చెక్కిన రాయి కూడా లేదు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను 2018లో గాని చేర్చుకోలేదు. ఆ ఆలస్యం నాకు నేటికీ బాధే.

ఈ శ్రుతిలో అయిదవ ఫ్రెట్‌లో ఆరు తీగలనూ అడ్డంగా నొక్కితే మధ్యమం, ఏడవ దాంట్లో పంచమం ఆధారమవుతాయి. ఇది మీకు వెంటనే పట్టుబడుతుంది.

అభ్యాసం: 1964లో మాంచెస్టర్‌లోని మూతపడిన రైల్వే స్టేషనులో, వాన వెలిసిన ప్లాట్‌ఫారం మీద ఆమె ‘డిడింట్ ఇట్ రెయిన్’ పాడిన చిత్రీకరణను రోజుకు ఇరవైసార్లు చొప్పున వారం రోజులు చూడండి. గిటారు ముట్టకుండా, పాటకూ గిటారుకూ మధ్య మాట మారే ప్రతి చోటునూ కాగితంపై గుర్తించండి. ఎనిమిదవ రోజున ట్యూనరు లేకుండా శ్రుతి చేసి, ఆ చోట్లలో వట్టి తీగలను మాత్రమే మీటండి.