ఆకాశహర్మ్యాలను చూడటం ఎలా? నాలుగో పాఠం: బొటనవేలి పరీక్ష

పోయిన పాఠం చివర చిన్న పని అప్పగించాను. మీకు నచ్చిన ఆకాశహర్మ్యం ఒకటి, అది నచ్చడానికి కారణం ఒకటి రాసి పంపమన్నాను. వచ్చిన జవాబుల్లో ముప్పాతిక వంతు దుబాయ్‌లోని బుర్జ్ ఖలీఫాయే. కారణం: ‘828 మీటర్లు కాబట్టి.’ అది కొలత, కారణం కాదు. పెళ్లికొడుకు ఎందుకు నచ్చాడమ్మా అంటే ఆరడుగులున్నాడు అన్నట్టుంది. తప్పులో సగం నాది. ఎత్తుల పట్టిక మీ చేతికిచ్చింది నేనే. అందుకే గాజు గోడల పాఠాన్ని వచ్చే వారానికి నెట్టేశాను.

ఉక్కు చట్రం, లిఫ్టు లేనిదే ఈ భవనాలు లేవన్నది మీకు తెలిసిందే. నేరుగా ఎత్తు అనే ఉచ్చులోకి వెళదాం.

ఎత్తు అంకెను ఎవరు, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు? బుర్జ్ ఖలీఫాలో సుమారు 585 మీటర్లు దాటాక మనుషులు మసలే అంతస్తు లేదు. ఆపైన 240 మీటర్ల పైచిలుకు ఉన్నదంతా శిఖరమే. ముంబయిలోని కాంచనజంగా అపార్ట్‌మెంట్లు 84 మీటర్లు. అంటే దాదాపు మూడు కాంచనజంగాలంత ఎత్తున ఎవరూ కాపురం లేరు. 1998లో కౌలాలంపూర్ పెట్రోనాస్ జంట గోపురాలు 452 మీటర్లతో షికాగో సియర్స్ టవర్‌ను దాటాయన్నారు. సియర్స్ 442 మీటర్లు. పెట్రోనాస్ కొన భవన రూపకల్పనలో భాగమని లెక్కలోకి వచ్చింది, సియర్స్ యాంటెన్నాలు రాలేదు. మనుషులుండే చివరి అంతస్తును చూస్తే షికాగోదే పైన. న్యూయార్క్ క్రైస్లర్ భవనం కథ ఇంకా ముచ్చటైనది. 1929లో వాల్ స్ట్రీట్‌లోని పోటీ భవనాన్ని ఓడించడానికి, 38 మీటర్ల కొనను లోపలే రహస్యంగా బిగించి, చివర్లో పైకి లేపారు. రెండేళ్లు తిరగకుండానే ఎంపైర్ స్టేట్ దాన్ని దాటేసింది. కొలతనే ప్రేమించినవారు అప్పుడు ప్రేమను కూడా మార్చుకోవాలి మరి!

ఎత్తు అంకెకు మోసపోకుండా ఉండటానికి నా అడ్డదారి ఇది. ఫొటోలో భవనం కొన మీద బొటనవేలు పెట్టండి. మిగిలినది ఇంకా నచ్చుతోందా? క్రైస్లర్ నెగ్గుతుంది. సూది లేకపోయినా, ఒకదానిపై ఒకటి పేర్చిన ఆ ఉక్కు కమానులు, వాటిలోని త్రికోణపు కిటికీలు చాలు. న్యాయంగా చెప్పాలంటే బుర్జ్ కూడా నెగ్గుతుంది. మూడు రెక్కల నిర్మాణం చుట్టూ తిరుగుతూ మెట్లుమెట్లుగా సన్నబడుతుంది. మెట్టుకో రూపం ఎదురవడంతో గాలి సుడులు ఒకే తాళంలో భవనాన్ని ఊపలేవు. ‘అందుకు నచ్చింది’ అని ఒక్కరైనా రాసి ఉంటే ఈ పాఠం అవసరమే ఉండేది కాదు.

నాకు ఏది ఇష్టమంటారా? కాంచనజంగాయే. 1983లో పూర్తయింది, చార్లెస్ కొరియా రూపకల్పన. సముద్రపు గాలి పడమటి నుంచే వస్తుంది, ఎండా వానా కూడా అటునుంచే. ఆయన మూలల్లో రెండంతస్తుల ఎత్తు వసారాలు తొలిచి గాలిని రానిచ్చాడు, ఎండను బయటే నిలబెట్టాడు. మే నెలలో తిరుపతి మేడ మీద పడుకున్నవారికి ఇందులోని తెలివి విడమరచి చెప్పక్కరలేదు.

అభ్యాసం. గోవిందరాజస్వామి గోపురం ఎదుట నిలబడి, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి గీయండి. ఏడు అంతస్తులూ ఉండాలి. పైకి వెళ్లేకొద్దీ అంతస్తు ఎత్తు, వెడల్పు, మధ్యనున్న ద్వారం ఎంతెంత తగ్గాయో చేయి చాచి పెన్సిల్‌తో కొలవండి. ఆ తగ్గుదల వల్లే గోపురం ఉన్నదానికన్నా ఎత్తుగా తోస్తుంది. తరువాత మీకు నచ్చిన ఆకాశహర్మ్యం గురించి పన్నెండు వాక్యాలు రాయండి. ఎత్తు, అందం, అద్భుతం అనే మాటలు వాడకూడదు. ఫొటో చూసి గోపురాన్ని గీస్తే నాకు తెలిసిపోతుంది. ఫొటోల్లో పైన కలశాలు పట్టాలని, కింద గడప దగ్గర జనం కాళ్లను కోసేస్తారు.